పొద్దున్నే ఆ అరగంట ఎవరిది?

చాలా కాలంగా ఈ విషయం వ్రాయాలనుకుంటూనే, పద్యాల గురించీ పాత పుస్తకాల గురించీ వ్రాసుకుంటూ దాటవేస్తూ వచ్చాను. దాటవేయడానికి కారణం సిగ్గు తప్ప మరేమీ లేదు. వృద్ధుల మలబద్ధకం అనే మాటను సాహిత్యం మాట్లాడుకునే నలుగురి మధ్య ఎలా ఎత్తాలో తెలియలేదు. ఇదిగో, ఎత్తేశాను. ముక్కు మూసుకోదలచినవారు ఇక్కడే సెలవు తీసుకోవచ్చు. వారిమీద నాకు కోపం లేదు. నా కోపమల్లా ముక్కు మూసుకుంటూనే పెద్దవాళ్ళను ప్రేమగా చూసుకుంటున్నామని నమ్మే మనబోటి వాళ్ళమీద. అందులో మొదటి ముద్దాయిని నేనే.

మన కథల్లో వృద్ధులకు కొదవ లేదు. విదేశంలో ఉన్న కొడుకు ఉత్తరం కోసం వీధి అరుగుమీద కూర్చునే తండ్రి ఉంటాడు, వృద్ధాశ్రమం కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడే తల్లి ఉంటుంది. వాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటారు, పాత ఫొటోలు తుడుచుకుంటారు, చివరి పేరాలో కన్ను మూస్తారు. నాలుగు రోజులుగా కడుపు కదలక, ఆ మాట కోడలితో అనలేక, కొడుకుతో అనబోయి ఊరుకుని, తలుపు గడియ వేసుకుని గంటసేపు చెమటలు కక్కుతూ కూర్చున్న ముసలాయన మాత్రం నేను చదివిన కథల్లో ఎక్కడా ఎదురుపడలేదు. సినిమాలో ఒకసారి ఎదురుపడ్డాడు. 2015లో వచ్చిన హిందీ సినిమా 'పికూ'లో అమితాబ్ బచ్చన్ కారు పైకప్పుమీద కమోడ్ కుర్చీ కట్టించుకుని ఢిల్లీ నుంచి కలకత్తా ప్రయాణం చేస్తాడు. థియేటర్లో అందరం హాయిగా నవ్వుకున్నాం. ఇంటికి వచ్చాక ఎవరైనా తమ తండ్రిని పక్కకు పిలిచి "మీకెలా ఉంటోంది నాన్నా?" అని అడిగారా? నేను అడగలేదు.

మన భాషనే చూడండి. దొడ్డి అంటే పెరడు. బహిర్దేశం అంటే ఊరి వెలుపలి చోటు. మరుగుదొడ్డి అంటే చాటున్న పెరడు. చెంబు పట్టుకెళ్ళడం, కాలకృత్యాలు, బయలుకి వెళ్ళడం... ఎక్కడికి వెళ్ళామో, ఏం పట్టుకెళ్ళామో చెబుతాం కానీ ఎందుకు వెళ్ళామో చెప్పకుండా తప్పుకుంటాం. ఇది మర్యాద, దీన్ని నేను తప్పుపట్టను. కానీ వైద్యుడి ఎదుట కూర్చున్నప్పుడు కూడా ఈ మర్యాద వదలదే! "కడుపులో అదోలా ఉంది", "ఆకలి మందగించింది", "గ్యాసు పట్టేసింది" అంటారు పెద్దవాళ్ళు. వైద్యుడు గ్యాసుకు మాత్ర వ్రాస్తాడు. అసలు ప్రశ్న అతను అడగడు, అసలు జవాబు వీరు చెప్పరు. గాంధీగారికి ఈ బెడద లేదు. దక్షిణాఫ్రికాలో తనను బాధించిన మలబద్ధకం గురించీ, పొట్టమీద తడిమట్టి పట్టీ వేసుకోవడం గురించీ ఆత్మకథలో నిస్సంకోచంగా వ్రాసుకున్నారు. మనం ఆత్మకథను పూజిస్తాం, ఆ పుటలు తిప్పేస్తాం.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పకుండా ఈ వాదన చేసే అర్హత నాకు లేదు.

నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. అమ్మ పోయిన ఏడాదికి, డెబ్భైతొమ్మిదో ఏట, ఊళ్ళో ఇంటికి తాళం వేసి హైదరాబాదులో మా ఫ్లాటుకు వచ్చారు. ఊళ్ళో ఆయన దినచర్య చూసి గడియారం సరిచేసుకోవచ్చు. అయిదింటికి లేవడం, గ్లాసుడు నీళ్ళు, కాఫీ, కాలవగట్టు దాకా నడక, తిరిగివచ్చి పెరటి మూలన ఉన్న దొడ్డి. మా ఫ్లాటులో రెండు స్నానాల గదులు. ఒకటి మా పడకగదిలో ఉంది. కోడలి గదిలోంచి నడిచి వెళ్ళడం ఆయనకు ప్రాణసంకటం. రెండోది హాల్లోంచి, అందరిదీ. ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా దానిముందు వరస. పిల్లవాడికి బడి బస్సు, నాకు ఆఫీసు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి నిలబడితే నేనే అన్నాను: "మీకేం తొందర నాన్నా, మేం వెళ్ళాక తీరిగ్గా వెళ్దురుగాని." ఆయన "అలాగేరా" అని వెళ్ళి పేపరు తీసుకున్నారు. ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. ప్రతిసారీ "అలాగేరా" అనే అన్నారు.

శరీరానికి మన తీరికతో పనిలేదని అప్పుడు నాకు తెలియదు. నిద్ర లేచాక పెద్దపేగు కదలిక పుంజుకుంటుంది. దానిపైన వేడి కాఫీయో ఫలహారమో పడితే ఆ కదలిక మరింత బలపడి, అరగంటలోపే పిలుపు వస్తుంది. రోజు మొత్తంలో శరీరం తనంతట తాను సాయం చేసే సమయం అది. ఆ పిలుపును అణచుకుంటే కాసేపటికి ఆగిపోతుంది. రోజూ అణచుకుంటూ పోతే పిలవడమే తగ్గిస్తుంది. లోపల నిలిచిపోయినదాంట్లోంచి పెద్దపేగు నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది, అది గట్టిపడుతూనే ఉంటుంది. పదింటికి ఇల్లంతా ఖాళీ అయ్యాక, చల్లారిన పొట్టతో, మోకాళ్ళు వేలాడేసుకుని కూర్చోవలసిన ఎత్తైన కమోడ్ మీద నాన్నగారు తీరిగ్గానే కూర్చునేవారు. ఏమీ జరిగేది కాదు.

దీనికి మందులు తోడయ్యాయి. మోకాళ్ళ నొప్పికి ఒక వైద్యుడు ట్రమడాల్ ఇచ్చారు. రక్తం తక్కువగా ఉందని ఇంకొకరు ఇనుము మాత్రలు, ఎముకలకని మరొకరు కాల్షియం. రాత్రిళ్ళు మాటిమాటికీ మూత్రానికి లేవకుండా ఇంకో మాత్ర. ఈ నాలుగూ మలబద్ధకం కలిగించగలవే. నాలుగూ నాలుగు చీటీల మీద ఉన్నాయి. నాలుగు చీటీలనూ ఒకచోట పెట్టి చూసినవారు లేరు. రక్తపోటు మాత్రల్లో కొన్ని (ముఖ్యంగా వెరాపమిల్), దిగులుకూ నిద్రకూ వాడే అమిట్రిప్టిలిన్, జలుబుకు వేసుకునే మత్తు మాత్రలు, అల్యూమినియం కలిసిన యాంటాసిడ్లు, ఇలా ఈ జాబితా పొడుగైనది. పైగా రాత్రి లేవవలసి వస్తుందని నాన్నగారు సాయంత్రం అయిదు దాటితే నీళ్ళు ముట్టడం మానేశారు. ఎవరూ మానమనలేదు. నిద్రపోయే ఇంట్లో లైటు వేసి నలుగురినీ లేపడం ఇష్టంలేక మానేశారు.

ఒకనాడు ఆయన పంచెకు మరక కనబడింది. మరునాడు కూడా. పలచగా, తెలియకుండానే పడిపోతోంది. తెలిసిన వైద్యుడికి ఫోను చేసి "విరేచనాలవుతున్నాయి" అన్నాను. మన భాషలో ఆ మాటకు రెండర్థాలూ ఉన్నాయి గదా. ఆయన ఒకటే విన్నారు, నేనూ ఒకటే అన్నాను. విరేచనాలు కట్టడానికి మాత్ర చెప్పారు. వేశాను. మూడో రోజు మూత్రం ఆగిపోయింది. ఆ రాత్రి నాన్నగారు మంచం మీద లేచి కూర్చుని, అమ్మ ఇంకా వంటింట్లోంచి రాలేదేమని అడిగారు.

ఆసుపత్రిలో ముందుగా పక్షవాతం అనుమానించారు. మెదడుకు స్కాన్ తీశారు, రక్తపరీక్షలు చేశారు, మూత్రానికి గొట్టం వేశారు. వేలకు వేలు ఖర్చయ్యాయి. అంతా సరిగానే ఉందన్నారు. వేలు పెట్టి చూడవలసిన పరీక్ష మాత్రం మర్నాటి దాకా జరగలేదు. పొద్దున విధుల్లోకి వచ్చిన ఒక చిన్న వయసు వైద్యురాలు పొట్టమీద చెయ్యి వేసి, ఎడమవైపు నొక్కి చూసి, "సరిగ్గా దొడ్డికి వెళ్ళి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది. నేను నాన్నగారి వైపు చూశాను, ఆయన గోడవైపు చూశారు. మా ఇద్దరిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆమె తొడుగు వేసుకుని పరీక్షించి చెప్పింది: పురీషనాళం నిండా రాయిలా గట్టిపడిన మలం అడ్డుపడి ఉంది, దాని పక్కల నుంచి పైనున్న ద్రవం కారుతోంది. మేము విరేచనాలనుకున్నది అదీ. కట్టడానికి మాత్ర వేసి ఆ అడ్డును ఇంకా బిగించాము. ఆ ఒత్తిడి మూత్రాశయం మీద పడి మూత్రం ఆగింది. ఇన్నిటి తాకిడికి ఆ వయసు మెదడు తడబడింది. ఒక నర్సు ఎనీమా ఇచ్చి, చేత్తో తీసి, రెండు విడతలుగా శుభ్రం చేసింది. ఆ నలభై ఏళ్ళ పంతులుగారు అంతసేపూ గోడవైపే తిరిగి పడుకున్నారు. రెండు రోజుల్లో మాట స్థిమితపడింది. అమ్మ పోయిందని ఆయనకు మళ్ళీ గుర్తొచ్చింది.

"వయసు మీద పడితే ఇవన్నీ మామూలే" అని ఓదార్చినవారు చాలామంది. వారితోనే నా తగాదా. వయసు చేసేది కొంత ఉంది, కాదనను. నరాల స్పందన మందగిస్తుంది, పొట్ట కండరాల్లో పట్టు తగ్గుతుంది. మధుమేహం, థైరాయిడ్ మాంద్యం, పార్కిన్సన్ వ్యాధి ఉంటే పేగు ఇంకా నెమ్మదిస్తుంది. కానీ నాన్నగారి విషయంలో వయసు ఒక ఏడాదే పెరిగింది. ఊళ్ళో గడియారంలా నడిచిన శరీరం మా ఇంటికి వచ్చాక ఆగిపోయింది. నడక పోయింది, గొంతుక్కూర్చునే దొడ్డి పోయింది, నీళ్ళు పోయాయి, పొద్దుటి అరగంట పోయింది, నాలుగు మాత్రలు వచ్చాయి. వీటిలో ముసలితనం చేసినది ఏది? అన్నీ ఇంట్లోవాళ్ళం, వైద్యులం కలిసి చేసినవే. "వయసు" అన్న మాటతో మన తప్పును పంచాంగం మీదికి నెట్టేస్తున్నాం.

ఆడవాళ్ళ సంగతి ఇంతకంటే ఘోరం. మా పెద్దమ్మ తరం వాళ్ళు తెల్లవారకముందో చీకటి పడ్డాకో తప్ప బయలుకి వెళ్ళి ఎరుగరు. పగలు పిలుపు వస్తే అణచుకోవడం, దానికోసం పొద్దున్నించీ నీళ్ళు తాగకుండా ఉండడం వాళ్ళకు చిన్నప్పుడే నేర్పిన విద్య. తర్వాత ఇళ్ళల్లో దొడ్లు కట్టించారు, నిజమే. కానీ అరవై ఏళ్ళు అణచుకోవడం నేర్చిన శరీరం సిమెంటు గోడలు లేవగానే ఆ విద్య మరచిపోదు. దానికి తోడు ఇల్లాలి పొద్దున్న ఎవరిది? కాఫీలు, ఉపాహారాలు, క్యారేజీలు, పూజ. అందరూ వెళ్ళాక గాని ఆమె వంతు రాదు. ఇప్పుడు డెబ్భై ఏళ్ళు దాటాక కూడా పెద్దమ్మ "ముందు మీరు కానివ్వండర్రా" అనే అంటుంది. అది త్యాగమని మనం కవితలు వ్రాస్తాం. పెద్దమ్మకు మొలలు.

పోనీ, బాధ బయటపడ్డాక మనం చేసేదేమిటి? పొడి తెచ్చిపెడతాం. టీవీలో ఎవరో ముఖం చిట్లించుకుని, ఒక చెంచా పొడి వేసుకుని, మర్నాడు నవ్వుతూ బయటికి వస్తాడు. ఈ పొడుల్లో చాలావాటిలో ఉండేది సునాముఖి ఆకు. మన పక్కనున్న తిరునల్వేలి ప్రాంతం పేరుతోనే ప్రపంచమంతా దీన్ని ఎరుగుదురు. పేగును పొడిచి కదిలించే మందు ఇది. వైద్యులూ వాడతారు, నాకు దానిమీద శత్రుత్వం లేదు. నా అభ్యంతరం 'మూలికే గదా' అన్న భరోసాతో, మోతాదు లేకుండా, లోపల అడ్డు ఉందో లేదో చూడకుండా ఏళ్ళ తరబడి మింగించడం మీద. ఇక 'ఒంట్లోని విషాలు కడిగేస్తుంది' అన్న ప్రచారం ఉందే, అది నూరేళ్ళ క్రితం నాటి పాత పాట. మలం నిలిస్తే ఒళ్ళంతా విషమవుతుందన్న సిద్ధాంతాన్ని నమ్మి, ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో లండన్లో ఆర్బత్‌నాట్ లేన్ అనే పేరుమోసిన శస్త్రవైద్యుడు మలబద్ధకానికి పెద్దపేగునే కోసి తీసేసేవాడు. వైద్యం ఆ సిద్ధాంతాన్ని వదిలేసింది, మన ప్రకటనలు వదలలేదు. ఈ ప్రచారం వల్లనే రోజూ వెళ్ళకపోతే ఏదో అయిపోతుందన్న భయం పెద్దవాళ్ళలో పాతుకుపోయింది. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా మామూలే. సులువుగా, మెత్తగా, పూర్తిగా అయిందా అన్నది చూసుకోవాలి. 1997లో బ్రిస్టల్ వైద్యులు ప్రచురించిన ఏడు రకాల బొమ్మల పట్టిక ఇందుకు ఎంతో పనికొస్తుంది. మేక పెంటికల్లా ఉంటే ఒకటి, నునుపుగా మెత్తగా ఉంటే నాలుగు, ఉత్త నీళ్ళయితే ఏడు. నోటితో చెప్పడానికి సిగ్గుపడే మనిషి ఒక అంకె చెప్పగలడు.

పొడి తర్వాత ఉపదేశం: "పీచు తినండి, నీళ్ళు తాగండి." ఇదీ నాకు ఒళ్ళు మండించేదే. పళ్ళు లేని నోటికి తోటకూర కాడలు, చిక్కుడుకాయలు ఎలా నమలమంటారు? కట్టుడు పళ్ళు వదులై మూడేళ్ళయింది, కొత్తవి కట్టించలేదు, అందుకే ఆయన మెత్తటి తెల్లన్నం, చారు, మజ్జిగతో సరిపెట్టుకుంటున్నాడు. ముందు దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. ఆకుకూర మెత్తగా ఉడికించి పప్పులో ఎనపండి, బొప్పాయి ముక్కలు, నానబెట్టిన ఎండుద్రాక్ష ఇవ్వండి. ఇసబ్గోలు మంచిదే, కానీ సరిపడా నీళ్ళు లేకుండా మింగితే అదే ఉబ్బి అడ్డం పడుతుంది. కదలలేక మంచం పట్టినవారికీ, అప్పటికే లోపల గడ్డకట్టినవారికీ పీచు గుప్పించడం మూసుకుపోయిన దారిలోకి ఇంకో బండిని తోలడమే. అందరికీ నీళ్ళు కూడా ఒకటే లెక్క కాదు; గుండె నీరసించినవారికీ, కిడ్నీ జబ్బు ఉన్నవారికీ ఎంత తాగాలో వైద్యుడే చెప్పాలి. పూర్వం చేసినట్టు ఆముదం పట్టించడం ఈ వయసులో వద్దు. మింగడం తడబడే వృద్ధులకు లిక్విడ్ పారఫిన్ కలిసిన మందులు పొరబోతే ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియా తెస్తాయి. ఇలాంటివారికి లాక్టులోజ్ పాకమో, నీళ్ళలో కలిపి తాగే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడో వైద్యులు ఇస్తారు. అవి పేగులో నీటిని నిలిపి మలాన్ని మెత్తబరుస్తాయి. కొత్తగా మొదలైన మలబద్ధకం, దానితో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత ఉంటే మాత్రం ఇంటివైద్యాలు కట్టిపెట్టి పరీక్షలకు వెళ్ళవలసిందే.

ఒక మిత్రుడు ఇదంతా విని, ఆరోగ్యశాస్త్రం సరే గాని దీనికి ఇంత ఆవేశమెందుకు, ఎవరి ఇంట్లో పెద్దవాళ్ళను వాళ్ళు బాగానే చూసుకుంటున్నారు గదా అన్నాడు. అతను విదేశం నుంచి తల్లికి రక్తపోటు చూసుకునే యంత్రం పంపాడు, చక్కెర చూసుకునే యంత్రం పంపాడు, ప్రతి ఆదివారం ఆ అంకెలు అడుగుతాడు. మంచి కొడుకు. వాళ్ళమ్మ ఇంట్లో దొడ్డి పెరటి చివర ఉంది. మధ్యలో రెండు మెట్లు, పట్టుకోవడానికి కడ్డీ లేదు, రాత్రి లైటు లేదు. అది అతనికి తెలుసు, అక్కడే పుట్టి పెరిగాడు. ఆమె సాయంత్రం నీళ్ళు తాగుతోందో లేదో ఏ యంత్రమూ చెప్పదు. ఒక కడ్డీ, ఒక బల్బు, వరండాలోకి ఒక కమోడ్ కుర్చీ. వీటి వెల ఆ యంత్రాల వెలకంటే ఏమంత ఎక్కువని? "అమ్మతో ఈ విషయం ఎలా మాట్లాడను?" అన్నాడు. తొమ్మిది నెలల వయసులో అతనివి ఆమె రోజుకెన్నిసార్లు కడిగిందో, ఏ రంగులో ఉందో ఇరుగమ్మకూ పొరుగమ్మకూ చెప్పి మరీ ఎలా కంగారుపడిందో నేను గుర్తుచేయలేదు. ఇప్పుడు చేస్తున్నాను. అతను ఇది చదువుతాడు.

ఆ ఆసుపత్రి నుంచి వచ్చాక మా ఇంట్లో కొన్ని మార్పులు జరిగాయి. చీటీలన్నీ ఒకే వైద్యుడి ముందు పరిచాను. ఆయన ట్రమడాల్ తీసేసి నొప్పికి వేరే దారి చూపారు, మూత్రపు మాత్ర మార్చారు, ఇనుము ఇక అక్కరలేదన్నారు. మంచం పక్కన చిన్న రాత్రిదీపం, కూజా పెట్టాము. గోడకు కడ్డీ బిగించాము. అమ్మ భోజనాలకు వేసే పాత చెక్క పీట ఊరినుంచి తెచ్చి కమోడ్ ముందు పెట్టాను. దానిమీద పాదాలు పెట్టి, మోకాళ్ళు తుంటికంటే ఎత్తుగా ఉండేలా కాస్త ముందుకు వంగి కూర్చుంటే, గొంతుక్కూర్చున్నప్పటిలాగా లోపలి వంపు సరళమవుతుంది. అమ్మ పీటను అక్కడ పెట్టడానికి నాన్నగారు రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు "అది ఉంటే నవ్వేదిరా" అన్నారు. పెట్టనిచ్చారు.

పొద్దున ఆరున్నరకు కాఫీ, ఏడింటికి రెండు ఇడ్లీలు. ఏడుంబావు నుంచి ఏడూముప్పావు దాకా హాల్లో స్నానాల గది నాన్నగారిది. పిల్లవాడు వంటింటి సింకు దగ్గర పళ్ళు తోముకుంటాడు. నేను ఆఫీసుకు పదిహేను నిమిషాలు ఆలస్యంగా వెళుతున్నాను. బయటికి వచ్చి ఆయన పేపరు తీసుకుంటూ నావైపు చూడకుండా ఒక అంకె చెబుతారు. ఇవాళ నాలుగు.